పని చేసిన గంటకు కూలీ రావాల్సిందే: అమెరికా హోటళ్లలో మన పిల్లలు

శుక్రవారం సాయంత్రమైతే డాలస్ శివారు ఇర్వింగ్‌లోని తెలుగు హోటళ్ల ముందు బిర్యానీ కోసం జనం బారులు తీరతారు. ఇలాంటి హోటళ్ల వెనక వంటింట్లో ఉల్లిపాయలు తరిగేవాళ్లలో, గిన్నెలు తోమేవాళ్లలో, పార్సిళ్లు కట్టేవాళ్లలో ఎమ్మెస్ చదవడానికి వెళ్లిన మన కుర్రాళ్లు కూడా ఉంటున్నారు. జీతం బ్యాంకు ఖాతాలో పడదు. వారాంతంలో కవర్లో పెట్టి ఇస్తారు. అందులో ఎంతుంటే అంత.

2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వీళ్లలో ఆంధ్ర, తెలంగాణ పిల్లల వాటా పెద్దదే. చాలామంది వెనక బ్యాంకు అప్పు ఉంటుంది, దానికి హామీగా తండ్రి రాసిచ్చిన ఇల్లో పొలమో ఉంటుంది. నెలకు అద్దె, సరుకుల ఖర్చు వెళ్లదీస్తే చాలనుకుని హోటల్లో చేరతారు. ఆ విషయం ఇంట్లో చెప్పరు.

ముందు చేదు సంగతి. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన విద్యార్థి కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించకుండా క్యాంపస్ లోపలే పనిచేయాలి, సెలవుల్లో పూర్తికాలం చేయవచ్చు. యూనివర్సిటీ క్యాంటీన్‌లో వడ్డన, వంట కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఆ క్యాంటీన్ నడిపేది ప్రైవేటు కంపెనీ అయినా ఇబ్బంది లేదు. క్యాంపస్ దాటితే మాత్రం అనుమతి కాగితం ఉండాలి. మొదటి విద్యా సంవత్సరం గడిచాక, అనుకోని ఆర్థిక కష్టం వచ్చిపడితే, ఐ-765 దరఖాస్తు పెట్టి బయట పనిచేసేందుకు అనుమతి అడగవచ్చు. తండ్రి ఉద్యోగం పోయినా, రూపాయి విలువ బాగా పడిపోయినా ఈ దారి ఉంది. చాలామంది దీని పేరే వినలేదు. కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని (డీఎస్‌వో) అడిగితే చెబుతారు.

చదువులో భాగంగా చేసే పనికిచ్చే సీపీటీ, సాధారణంగా చదువయ్యాక వచ్చే ఓపీటీ అనే అనుమతులు చదువుతో ముడిపడిన పనికే. కంప్యూటర్ సైన్స్ విద్యార్థి బిర్యానీ దమ్ము పెట్టడానికి అవి పనికిరావు. పేరుకే అడ్మిషన్ తీసుకుని సీపీటీ మీద పని చేసుకోవచ్చన్న మాట నమ్మి ఎంత మంది నష్టపోయారో 2019 జనవరిలో చూశాం. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో ఇమిగ్రేషన్ పోలీసులే ఒక బూటకపు కాలేజీ నడిపారు. అందులో చేరి పట్టుబడ్డ విద్యార్థుల్లో దాదాపు అందరూ భారతీయులే, చాలామంది తెలుగువాళ్లు.

విద్యార్థి అనుమతి లేకుండా పని చేశాడని తేలితే స్టేటస్, అంటే అక్కడ చట్టబద్ధంగా ఉండే హోదా పోతుంది. తిరిగి స్టేటస్ ఇమ్మని అడిగేందుకు ఉన్న అవకాశమూ మూసుకుపోతుంది. నగదు తీసుకున్నాం కాబట్టి ఎవరికీ తెలియదనుకోవడం పొరపాటు. చట్టం చూసేది పనిని, డబ్బు ఏ రూపంలో వచ్చిందన్నది కాదు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఒక చిన్న గడిలో ఉంది. అమెరికాలో ఏ యజమాని అయినా కొత్తగా చేరినవారితో ఐ-9 ఫారం నింపించాలి. 1986 నవంబరులో వచ్చిన చట్టం పెట్టిన నియమమిది. ఆ ఫారంలో ‘నేను అమెరికా పౌరుణ్ని’ అనే గడి ఒకటి ఉంటుంది. ‘ఏం కాదులే, టిక్ పెట్టేయ్’ అని ఓనరు అన్నా, పాత కుర్రాళ్లు అన్నా వినకూడదు. ఉద్యోగం కోసం పౌరుణ్నని అబద్ధం చెబితే జీవితాంతం వీసాకు, గ్రీన్‌కార్డుకు అనర్హత పడుతుంది. దీనికి క్షమాపణ దారి దాదాపు లేదు. వెయ్యి గంటలు గిన్నెలు తోమినదానికన్నా ఈ ఒక్క టిక్కు చేసే నష్టమే ఎక్కువ.

ఇక రెండో సంగతి. దీన్ని ఓనర్లు చెప్పరు, పిల్లలకు తెలియదు. పని చేసే అనుమతి లేకపోవడం వేరు, చేసిన పనికి కూలీ రావడం వేరు. అవి రెండు వేర్వేరు చట్టాలు. ‘నీకు పర్మిట్ లేదు కదా, ఎవరికి చెప్పుకుంటావు?’ అని జీతం ఎగ్గొట్టే ఓనరు తన మీద ఉన్న రెండు తప్పుల్నీ దాచిపెడుతున్నాడు: అనుమతి లేనివాణ్ని తెలిసి తెలిసి పనిలో పెట్టుకోవడం ఒకటి, కూలీ ఇవ్వకపోవడం ఇంకొకటి.

దీని మీద కోర్టు తీర్పు ఉంది. ఆ కేసు గెలిచింది కూడా ఒక భారతీయుడే. 1982లో విజిటర్ వీసా మీద వెళ్లి, గడువు తీరినా అక్కడే ఉండిపోయి, అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లోని ఒక లాడ్జిలో రెండేళ్లకు పైగా మరమ్మతు, శుభ్రం చేసే పనులు చేశాడాయన. కనీస వేతనం, ఓవర్‌టైం ఇవ్వలేదని కేసు వేస్తే, వీసా లేనివాడికి హక్కేమిటని యాజమాన్యం వాదించింది. పదకొండో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 1988లో ఆ వాదన తోసిపుచ్చింది. వీసా లేనివాళ్లకు తక్కువ ఇచ్చినా చెల్లుతుందంటే యజమానులు వాళ్లనే వెతికి మరీ పెట్టుకుంటారని కోర్టు గుర్తించింది. 2002లో సుప్రీంకోర్టు హాఫ్‌మన్ కేసులో చేయని పనికి, అంటే తొలగించాక గడిచిన కాలానికి, జీతం రాదని చెప్పింది. చేసిన పని కూలీని ఆ తీర్పు ముట్టుకోలేదని అమెరికా కార్మిక శాఖ స్పష్టం చేసింది.

లెక్క వేసి చూద్దాం. టెక్సస్‌లో కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 40 గంటలు దాటాక ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. ఓ కుర్రాడు వారానికి 50 గంటలు చేస్తే 398.75 డాలర్లు రావాలి. గంటకు 5 డాలర్ల లెక్కన 250 చేతిలో పెడితే వారానికి 148.75 డాలర్ల బాకీ. కోర్టుకు వెళితే బాకీతో పాటు అంతే మొత్తం పరిహారంగా అడగవచ్చు. టిప్పుల సంగతీ అంతే. 2018 నుంచి ఫెడరల్ చట్టం ప్రకారం ఓనరు గానీ మేనేజరు గానీ వర్కర్ల టిప్పుల్లో వాటా తీసుకోకూడదు.

ఓనరు చవగ్గా, నోరెత్తని మనిషిని వెతికినప్పుడు నష్టపోయేవాడు మరొకడున్నాడు. ఆ ఊళ్లోనే పుట్టి, అన్ని కాగితాలూ ఉండి, పని అడిగిన మనిషి. నలుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది పనివాళ్లున్న చోట, అమెరికా పౌరుణ్ని గానీ గ్రీన్‌కార్డు ఉన్నవాణ్ని గానీ పక్కకు నెట్టి వీసా వాళ్లనే తీసుకుంటే అది వివక్ష. ‘ఓపీటీ వాళ్లు మాత్రమే’ అని ప్రకటన వేసినా కేసే. బాధితుడు 180 రోజుల్లోగా న్యాయశాఖకు ఫిర్యాదు చేయాలి. మనవాళ్ల హోటళ్లలో ఈ ధోరణి ఉన్నంత కాలం స్థానికులకు మన పిల్లల మీద కోపం పెరుగుతుంది. ఆ కోపం తగలాల్సింది పిల్లలకు కాదు.

వంటవాణ్ని ఇండియా నుంచి రప్పించే సక్రమమైన దారి కూడా స్థానికుల మీదుగానే వెళుతుంది. గ్రీన్‌కార్డు కోసం లేబర్ సర్టిఫికేషన్ కావాలంటే ఓనరు రెండు ఆదివారాలు పత్రికలో ప్రకటన వేయాలి, రాష్ట్ర ఉపాధి కార్యాలయంలో 30 రోజులు ఉద్యోగ ప్రకటన ఉంచాలి, హోటల్లో 10 పనిరోజులు నోటీసు అంటించాలి. తగిన స్థానికుడు దొరకలేదని అప్పుడే చెప్పగలడు. ఆ పనికి అక్కడ నడిచే జీతం ఇవ్వాలి. లాయరు ఫీజుతో సహా సర్టిఫికేషన్ ఖర్చంతా ఓనరే భరించాలి. కాబట్టి హైదరాబాద్‌లో కూర్చుని ‘లేబర్ ఖర్చులకు లక్షలు’ అడిగే బ్రోకరు చేస్తున్నది చట్టవిరుద్ధం. మన 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరైన ఏజెంటు మాత్రమే విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలి. అతను పుచ్చుకోగల రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టాలి.

ఇప్పటికే చిక్కుకున్నవాళ్లకు కొన్ని మాటలు. పనిచేసిన ప్రతి రోజూ ఎన్నింటికి వెళ్లారో, ఎన్నింటికి వచ్చారో, ఎంత ఇచ్చారో ఫోన్లో రాసుకోండి. ఓనరు లెక్కలు ఉంచకపోతే మీ రాతను సాక్ష్యంగా కోర్టు పరిగణించవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1946లోనే చెప్పింది. షిఫ్టుల గురించి వచ్చిన వాట్సాప్ సందేశాలు తుడిచేయకండి. భయపెట్టి పనిచేయించుకోవడానికి పాస్‌పోర్టు లాక్కుంటే అది ఫెడరల్ నేరం, మనుషుల అక్రమ రవాణా హెల్ప్‌లైన్ 1-888-373-7888కు ఫోన్ చేయవచ్చు. కూలీ బాకీకి కార్మిక శాఖ వేతన విభాగం నంబరు 1-866-487-9243. అయితే ఫిర్యాదులో మీరు అనుమతి లేకుండా పనిచేసిన సంగతి బయటపడవచ్చు. అందుకే ముందు ఒక ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచిత న్యాయ సలహా కేంద్రాలు చాలాచోట్ల ఉన్నాయి.

మాట్లాడాక ఆలస్యం చేయకండి. బాకీ కూలీకి ఫెడరల్ చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు, యజమాని తెలిసే ఎగ్గొట్టాడని రుజువైతే మూడేళ్లు. వారం గడిచేకొద్దీ వెనక ఒక వారం కూలీ చేజారుతుంది.