పేరు పెట్టి పాడుకుందాం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే మా పాత విద్యార్థుల్లో చాలామంది "కష్టపడి చదవండి" అని రాస్తారు. ఆ మాట మీకు స్టడీ అవర్‌లో రోజూ వినబడేదే. అందుకని నేను ఆట గురించి రాస్తున్నాను. శనివారం రాత్రి అన్నాలు తిన్నాక వరండాలో కూర్చుని ఆడే అంత్యాక్షరికి జపాన్ దేశంలో ఒక చుట్టం ఉంది. ఆ చుట్టం దగ్గర మనం నేర్చుకోవలసినది ఒకటి ఉంది.

జపాన్ పిల్లలు ఆడే ఆ ఆట పేరు శిరితోరి. "శిరి" అంటే వెనుక భాగం, "తోరి" అంటే తీసుకోవడం. ఒకరు ఒక మాట చెబితే దాని చివరి అక్షరంతో ఇంకొకరు మరో మాట చెప్పాలి. ఆట మనకు తెలిసినదే. మన రెండు భాషలకూ ఇది బాగా అమరడానికి కారణం ఉంది. తెలుగు అజంత భాష, మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. జపాన్ మాటలూ అంతే. వాళ్ల లిపిలో కూడా క, కి, కు అని ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క అక్షరం ఉంటుంది. అచ్చు లేకుండా మిగిలేది ఒక్క "న్" మాత్రమే. ఆ "న్"తో మొదలయ్యే మాట వాళ్లకు లేదు. అందుకే "న్"తో ముగిసే మాట చెప్పినవాడు ఓడిపోయినట్లే.

ఇదే ఆటను పాటల పేర్లతో కూడా ఆడవచ్చు. ఉదాహరణ చూడండి. "ఫురుసాతో" అని 1914 నాటి బడిపాట ఉంది, దాని అర్థం సొంత ఊరు. చివర "తో" వచ్చింది కనుక "తోర్యాన్సే" అనే పాత పిల్లల పాట అందుకోవచ్చు. "సే"తో "సెకాయ్ ని హితోత్సు దాకే నో హానా", అంటే లోకంలో ఒకే ఒక్క పువ్వు. 2003లో ఆ దేశమంతా మోగిన పాట అది. "నా"తో "నాదా సోసో". ఆ చివరి "సో"ను సాగదీయడానికి వాళ్లు పక్కన "ఉ" రాస్తారు, కనుక తరువాతివాడికి వచ్చేది "ఉ". దానితో "ఉఎ ఒ ముయితె అరుకో" అందుకోవచ్చు. పైకి చూస్తూ నడుద్దాం అని ఆ పేరుకు అర్థం. క్యూ సకమోటో పాడగా 1961లో వచ్చిన ఈ పాట 1963లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అక్కడ అసలు పేరు మార్చి "సుకియాకి" అని పెట్టి అమ్మారు. అది ఒక మాంసం కూర పేరు. పాటలో కూర ఊసే లేదు!

ఇక ఓడిపోయే పాట సంగతి. 1975 చివరలో వచ్చిన "ఒయోగె తాయ్‌యాకి కున్" అనే పిల్లల పాట జపాన్‌లో అత్యధికంగా అమ్ముడుపోయిన సింగిల్ రికార్డు. చేప ఆకారంలో కాల్చే తీపి రొట్టె ఒకటి సముద్రంలోకి పారిపోవడం దాని కథ. పేరు చివర "న్" వచ్చింది. కాబట్టి ఆ దేశంలో అందరికంటే ఎక్కువ మంది కొన్న పాట ఈ ఆటలో మాత్రం పనికిరాదు.

మనకూ అలాంటి చిక్కులు ఉన్నాయి. 2024 జూన్ 2న రాష్ట్ర గీతమైన అందెశ్రీ గారి "జయ జయహే తెలంగాణ" పేరు చివర "ణ" ఉంది. "ణ"తో మొదలయ్యే తెలుగు మాట లేదు, "ళ"తో కూడా లేదు. మనం పెద్దమనసుతో "ణ"ను "న" చేసుకుంటాం, "ళ"ను "ల" చేసుకుంటాం. అప్పుడు "నేను సైతం" పాడవచ్చు. 2003 నాటి "ఠాగూర్" సినిమాలోని ఆ పాటకు సుద్దాల అశోక్ తేజ గారికి జాతీయ పురస్కారం వచ్చింది. ఆయన తండ్రి సుద్దాల హనుమంతు గారి "పల్లెటూరి పిల్లగాడ" పాడితే ఎదుటివాళ్లకు "డ" తగులుతుంది. "డ" వచ్చిందంటే మా రోజుల్లో వరండా అంతా నిశ్శబ్దం. సగం మంది ఇళ్లలో డప్పు వేలాడుతూ ఉండేది. అయినా డప్పు పాట ఒక్కరికీ గుర్తుకు వచ్చేది కాదు. ఎందుకు రాలేదో చెబుతాను.

పూర్వం అంత్యాక్షరిని పద్యాలతో ఆడేవారు. అందులో వేమన పద్యాలు ఎక్కువ వచ్చినవాడు గడుసువాడు. ప్రతి పద్యం చివరా "వేమ" ఉంటుంది కనుక ఎదుటివాడికి ఎప్పుడూ "మ" వస్తుంది. పది పద్యాలు దాటేసరికి వాడి దగ్గర "మ" ఖాళీ. తరువాత సినిమా పాటలు వచ్చాయి. 1993లో జీ టీవీలో అంత్యాక్షరి కార్యక్రమం మొదలైంది, 1996లో ఈటీవీలో బాలసుబ్రహ్మణ్యం గారి "పాడుతా తీయగా" వచ్చింది. అవి చూసి మేమూ పెన్ను మైకు పట్టుకుని జట్లు కట్టేవాళ్లం. సినిమా పాట అయితేనే పాయింటు అనే నియమం ఎవరు పెట్టారో తెలియదు. దానిని గట్టిగా అమలు చేసిన జడ్జిని మాత్రం నేనే.

నేను పదవ తరగతిలో ఉన్న ఏడాది డిండి అవతల అచ్చంపేట వైపు నుంచి ఏడవ తరగతి పిల్లవాడు ఒకడు చేరాడు. వాళ్ల అమ్మానాన్నలు పూణె వైపు మట్టి పనికి పోయేవారు, ఉగాదికి గాని తిరిగి వచ్చేవారు కాదు. ఒక శనివారం "చ" వచ్చింది. జట్టులో ఎవరికీ తోచలేదు. వాడు లేచి "చెల్క మీది చింత" అని ఎత్తుకున్నాడు. గొంతు బాగుంది. అందరూ పళ్లాలు వాయించడం కూడా మొదలుపెట్టారు. నేను ఆపాను.

"ఏ సినిమా?"

"సినిమాల లేదన్నా. మా అమ్మ కలుపు తీసేటప్పుడు పాడుతది."

"అయితే పాయింట్ లేదు. కూసో."

కూర్చున్నాడు. ఆ ఏడాది మళ్లీ పాడలేదు. నాకు అప్పుడు న్యాయం చేశాననే అనిపించింది.

కొంచెం ఆగి మళ్లీ జపాన్‌కు పోదాం. కరావోకే అనే మాట వినే ఉంటారు. "కరా" అంటే ఖాళీ, "ఒకే" అంటే ఆర్కెస్ట్రా. వాద్యం వాళ్లది, గొంతు మనది. కోబె నగరంలో ఇనోవె దైసుకె అనే వాద్యకారుడు కొలువుల్లో జనం పాడుతుంటే పక్కన వాయించేవాడు. ఒక ఖాతాదారు తనతో ప్రయాణానికి రమ్మంటే వెళ్లలేక వాద్యం మాత్రం టేపులో నింపి ఇచ్చాడు. ఆ ఆలోచనతోనే 1971లో నాణెం వేస్తే వాద్యం మోగే యంత్రాలు చేయించి అద్దెకు ఇచ్చాడు. అంతకుముందే 1967లో టోక్యోలో నెగిషి షిగెయిచి అనే ఆయన అటువంటి పెట్టెనే తయారు చేశాడు. ఇద్దరూ పేటెంటు తీసుకోలేదు. ఆ యంత్రం ఏ సినిమా అని అడగదు, కూర్చోమనదు. నాకు దానిలో నచ్చింది ఆ గుణమే. ఈ రోజు ఫోనులో ఏ సినిమా పాటకైనా ట్రాక్ దొరుకుతుంది. కలుపు పాటకు దొరకదు. దానికి మన పళ్లాలు, చప్పట్లు, ట్రంకుపెట్టె మూత చాలు.

ఇక అసలు పద్ధతి. మన ఊరి పాటలు అంత్యాక్షరిలో ఇమడకపోవడానికి సినిమా నియమంతో పాటు ఇంకో చిక్కు ఉంది. చాలా బతుకమ్మ పాటల్లో ప్రతి చరణం "ఉయ్యాలో" అనే ముగుస్తుంది. చివరి అక్షరం పట్టుకుంటే ఎప్పుడూ "ల"నే. వేమన పద్యం లాగే అవతలివాడు రెండు నిమిషాల్లో విసుగుతాడు. అందుకని చరణం చివర వదిలేసి జపాన్ వాళ్లలాగా పాట పేరు పట్టుకుందాం. అయితే మన పాటలకు ప్రత్యేకంగా పేర్లు ఉండవు, పల్లవిలో మొదటి రెండు మూడు మాటలే పేరు. బండి యాదగిరి గారి పాటను "బండెనక బండి కట్టి" అంటాం. గౌరారం గోరటి వెంకన్న గారి పాటను "పల్లె కన్నీరు పెడుతుందో" అంటాం. మీ అమ్మ పాడే పాటకు కూడా అలాగే పేరు పెట్టండి. పేరు చివరి హల్లు ఎదుటివాళ్లకు. సున్నా ఉంటే వదిలేయండి, అచ్చు ఏదైనా సరే. పేరు చెప్పి ఊరుకుంటే చాలదు, పల్లవి, ఒక చరణం పాడాలి. అవతలి జట్టు వాద్యం వేయాలి. ఎదుటివాడి పాటకు తాళం వేస్తూ వాడిని ఓడించాలని చూడడం తమాషాగా ఉంటుంది, ఆడి చూడండి.

పాడిన ప్రతి ఇంటి పాటనూ నోటుబుక్కులో రాయాలి. పాట పేరు, ఎవరు పాడతారు, ఏ పని చేస్తూ పాడతారు, ఏ ఊరు - ఈ నాలుగూ ముందు రాసి తరువాత చరణాలు రాయండి. సినిమా పాటకు ఒక పాయింటు, రాసిన పాటకు రెండు. ఈ నియమం కూడా నేనే పెడుతున్నాను, ఈసారి ఎవరైనా అభ్యంతరం చెబితే వింటాను.

కిందటి పాత విద్యార్థుల కలయికలో ఆ అచ్చంపేట తమ్ముడు కనిపించాడు. ఇప్పుడు హైదరాబాదులో ఆటో నడుపుతున్నాడు. ఆ రాత్రి సంగతి ఎత్తి పాట అడిగాను. వాడికి కోపం ఏమీ లేదు, నేను గుర్తు పెట్టుకున్నందుకు ఆశ్చర్యపోయాడు. పల్లవి పాడాడు, ఒక చరణం పాడాడు, ఆగిపోయాడు.

"గంతే యాదికున్నదన్నా. అమ్మ పోయినంక అడగనీకె ఎవ్వరు లేరు."

రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొని వార్డెన్ గారికి ఇచ్చాను. మొదటి పేజీలో "చెల్క మీది చింత" ఉంది, కింద రెండవ చరణానికి చోటు వదిలాను. అచ్చంపేట, కల్వకుర్తి, దేవరకొండ వైపు పిల్లలు దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మనో నాయనమ్మనో అడిగి చూడండి.