కొలపాత్రపై గీతను నమ్మవచ్చునా?

ఔషధమును కొలిచి సేవింపవలెనని ఎల్లరూ ఎరుగుదురు. కొలిచెడి పాత్రను ఎవరు కొలిచిరని అడుగువారు అరుదు.

శార్ఙ్గధర సంహిత ప్రథమాధ్యాయములోనే మానపరిభాష కలదు. నాలుగు అంగుళముల వెడల్పు, నాలుగు అంగుళముల ఎత్తు గల పాత్ర కుడవమని అందు చెప్పబడినది. అయితే ఆ అంగుళము ఎవరి వ్రేలిది? వ్రేలి వెడల్పు పదవ వంతు హెచ్చినచో పాత్రలో పట్టు ద్రవము సుమారు మూడవ వంతు హెచ్చును. ఏలయన పాత్ర నిడివి, వెడల్పు, ఎత్తు మూడును ఒక్కమారే పెరుగును.

గాజుపాత్రకును ఈ చిక్కు తప్పదు. గొట్టపు లోపలి వ్యాసములో రవంత భేదమున్నను గీత వద్ద పట్టు ద్రవము మారును. అందుచేతనే ప్రయోగశాలలో పాత్రను ప్రమాణముతో సరిచూతురు. దీనినే క్యాలిబ్రేషన్ అందురు. 100 మి.లీ. కొలజాడీకి మేలురకములో అర మి.లీ., రెండవ రకములో 1 మి.లీ. వరకు తేడాను అనుమతింతురు. చేయి వణికినందున కలుగు తేడా ఒకమారు హెచ్చుగను, ఒకమారు తగ్గుగను ఉండును గాన సగటులో సర్దుకొనును. పాత్రలోని దోషము అట్లు కాదు. పదిమారులు కొలిచినను పదిమారులును ఒకే వైపునకు తప్పును.

పరీక్షకు సాధనము నీరే. పొడి పాత్రను తూచి, గీత వరకు స్వేదనజలము పోసి, మరల తూచవలెను. నీటిమట్టము మధ్యలో పల్లముగా వంగును. ఆ పల్లపు అడుగు గీతను తాకవలెను, కన్ను దానికి సమముగా ఉండవలెను. పాత్రపై సాధారణముగా 20 డిగ్రీలని వ్రాసియుండును. మన వేసవిలో 30 డిగ్రీల వద్ద నీరు వ్యాకోచించును గనుక 100 మి.లీ. నీరు 100 గ్రాములు గాక సుమారు 99.5 గ్రాములే తూగును. ప్రయోగశాలకు ఈ అర గ్రాము ముఖ్యము, గృహమునకు కాదు.

గృహమున ముఖ్యమైనది వేరొకటి. పసిబిడ్డకు 5 మి.లీ. ఇమ్మని వైద్యుడు చెప్పగా, ఇంటి చెంచా 7 మి.లీ. పట్టినచో బిడ్డకు మాత్ర అయిదింట రెండు వంతులు హెచ్చుగా పోవును. ఏ చెంచా దొరికిన దానితో ఔషధమిచ్చు అలవాటు నాకు సమ్మతము కాదు. వంటయింటి ఎలక్ట్రానిక్ త్రాసు చిన్న తూకములను నిక్కముగా చూపదు. కనుక చెంచాతో పదిమారులు నీరు కొలిచి ఒకే గిన్నెలో పోసి, తూచి, పదిచే భాగింపుడు. 5 గ్రాములకు దగ్గరగా వచ్చిన చెంచానే మందునకు కేటాయింపుడు. తేనెతో ఈ పరీక్ష చేయరాదు. 1 మి.లీ. తేనె సుమారు 1.4 గ్రాములు తూగును.