దప్పికకు ముందే బయలుదేరే దూతలు

జూలై మాసంలో షార్జాలోనైనా, అబూధాబి శివార్లలోని ముసఫాలోనైనా ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం వింత కాదు. జగిత్యాల నుండో, సిరిసిల్ల నుండో, కడప నుండో కొత్తగా వచ్చి కట్టడాల మీద పనిచేసే యువకుని శరీరం నుండి అటువంటి ఎండలో గంటకు ఒక లీటరు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, నీరు చెమటగా వెడలిపోతుంది. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుండి 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించరాదన్న నిబంధన ఎమిరేట్స్‌లో ఉన్నది. అయితే ఉదయం పదకొండు గంటల ఎండ కూడా చిన్నదేమీ కాదు. పెద్దవారి ఒంట్లో ఉండే రక్తం సుమారు ఐదు లీటర్లే. ఇంత నీరు పోతున్నా అతని రక్తపోటు పడిపోకుండా, రక్తం చిక్కబడకుండా కాపాడుతున్నది కొన్ని గ్రంథులు పంపే సందేశాలు.

శరీరంలో వార్తలు రెండు విధాలుగా ప్రయాణం చేస్తాయి. నాడుల ద్వారా పోయే వార్త టెలిఫోను వంటిది. ఒక ఇంటికే చేరుతుంది, క్షణంలో చేరుతుంది. హార్మోన్ల వార్త గ్రామంలో వేసే దండోరా వంటిది. డప్పు చప్పుడు అందరి చెవులా పడుతుంది. సంబంధం ఉన్నవారే కదలుతారు. గ్రంథి నుండి వెలువడిన హార్మోను రక్తంలో కలసి అన్ని కణాల ముంగిటా పోతుంది. దానికి తగిన గ్రాహకం ఉన్న కణం మాత్రమే స్పందిస్తుంది. స్రావాన్ని మోసుకుపోయే ప్రత్యేక నాళం లేనందువల్లనే వీటికి వినాళ గ్రంథులని పేరు. 1902లో బేలిస్, స్టార్లింగ్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞులు చిన్న ప్రేగు నుండి క్లోమానికి ఇటువంటి రసాయన వార్త అందుతున్నదని నిరూపించారు. 1905లో స్టార్లింగ్ ఈ దూతలకు ‘హార్మోను’ అన్న పేరు వాడాడు. ప్రేరేపించడం అన్న అర్థమిచ్చే గ్రీకు మాట నుండి అది పుట్టింది.

చెమట పట్టిన మనిషి విషయానికి వద్దాం. చెమటలో ఉప్పు కంటే నీటి పాలు ఎక్కువ. కనుక చెమట పోయిన కొద్దీ రక్తంలో లవణాల గాఢత పెరుగుతుంది. మెదడు అడుగుభాగాన ఉన్న హైపోథాలమస్ ప్రాంతంలో ఈ గాఢతను కనిపెట్టే కణాలున్నాయి. నూటికి ఒకటి రెండు వంతుల మార్పును కూడా ఇవి పసిగడతాయి. వెంటనే హైపోథాలమస్‌లో తయారై పీయూష గ్రంథి వెనుక భాగంలో నిలువ ఉన్న వాసోప్రెస్సిన్ రక్తంలోకి విడుదలవుతుంది. ఇది తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. దీని నిర్మాణాన్ని ఛేదించి, ప్రయోగశాలలో తయారు చేసిన విన్సెంట్ డు వీన్యోకు 1955లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

వాసోప్రెస్సిన్ చేరవలసిన చిరునామా మూత్రపిండం. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో చాలా భాగం ఎవరి ఆజ్ఞా లేకుండానే తిరిగి రక్తంలో చేరుతుంది. చివరికి మిగిలే పదిహేను, ఇరవై లీటర్ల మీదనే ఈ హార్మోను అధికారం. అది గ్రాహకాన్ని తాకగానే నాళికల కణాల పొరలో నీరు మాత్రమే పోగల సూక్ష్మద్వారాలు అమరుతాయి. నీరు రక్తంలోకి తిరిగివస్తుంది. మూత్రం తగ్గి, చిక్కని పసుపురంగుకు మారుతుంది. ఈ జాతి ద్వారాలను కనుగొన్నందుకు పీటర్ ఆగ్రే 2003లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. వాసోప్రెస్సిన్ బొత్తిగా లేని రోగి రోజుకు పది, పదిహేను లీటర్ల మూత్రం పోగొట్టుకోవచ్చు. ఎంత పొదుపు చేసినా మనిషి రోజుకు అరలీటరు మూత్రం పోయక తప్పదు. వ్యర్థాలు బయటికి పోవాలి కదా. ఈ విషయంలో ఒంటె మనకంటే నేర్పరి. దాని మూత్రం మన మూత్రం కంటే రెండింతలకు పైగా చిక్కబడగలదు. మూపురంలో నీరు దాచుకుంటుందన్నది మాత్రం అపోహ. అక్కడ ఉండేది కొవ్వు.

నీటిని నిలిపితే చాలదు, ఉప్పునూ నిలపాలి. ఆ పని ఆల్డోస్టిరోన్‌ది. రక్త పరిమాణం తగ్గిందని గ్రహించిన మూత్రపిండం రెనిన్ అనే ఎంజైమును వదలుతుంది. రెనిన్ కాలేయం నుండి వచ్చిన ఒక ప్రోటీనును ఖండిస్తుంది. ఆ ముక్క ప్రధానంగా ఊపిరితిత్తులలో మరికొంత తెగి ఆంజియోటెన్సిన్‌గా మారుతుంది. ఆంజియోటెన్సిన్ రక్తనాళాలను బిగిస్తుంది, దాహాన్ని రేపుతుంది, మూత్రపిండాల మీద టోపీల వలె కూర్చున్న అధివృక్క గ్రంథులను తట్టి ఆల్డోస్టిరోన్‌ను విడుదల చేయిస్తుంది. 1953లో సిల్వియా సింప్సన్, జేమ్స్ టేట్‌లు స్విస్ రసాయనవేత్తలతో కలసి దీనిని వేరుచేశారు. వాసోప్రెస్సిన్ కణం తలుపు తట్టి వెలుపలే నిలబడితే, స్టిరాయిడ్ అయిన ఆల్డోస్టిరోన్ లోపలికే పోయి, కేంద్రకంలో కూర్చుని కొత్త ప్రోటీన్లు తయారు చేయిస్తుంది. అందుకే మొదటిది నిమిషాలలో పని చేస్తుంది, రెండవదానికి గంట పైన పడుతుంది.

ఆల్డోస్టిరోన్ మాట వినే కణాలు స్వేద గ్రంథులలోనూ ఉన్నాయి. కొత్తగా గల్ఫ్‌కు వచ్చినవాని చొక్కా మీద తెల్లని ఉప్పుచారలు కనిపిస్తాయి. ఒకటి రెండు వారాలు ఎండలో క్రమంగా పనిచేసే సరికి చెమట త్వరగా, ధారాళంగా పడుతుంది గానీ అందులో ఉప్పు తగ్గుతుంది. శరీరం ఈ పాఠం నేర్చే లోపలి రోజులే మిక్కిలి ప్రమాదకరమైనవి. పైగా నేర్చినది నిలువదు. సెలవు మీద ఊరికి పోయి నెలకు పైగా నీడపట్టున గడిపి వచ్చినవాడు, ఎన్నేళ్ళ అనుభవమున్నా, ఎండ విషయంలో మళ్ళీ దాదాపు కొత్తవాడే. ‘పాత మనిషివే కదా’ అని వచ్చిన మర్నాడే పూర్తి పనికి పంపడం పొరపాటు.

ఇక దాహం. ఇది ఆలస్యంగా వచ్చే వార్త. వాసోప్రెస్సిన్ పని మొదలుపెట్టిన తరువాత, రక్తం మరికొంత చిక్కబడితేనే దప్పిక స్పష్టంగా తెలుస్తుంది. తీరడం మాత్రం తొందరగా తీరుతుంది. త్రాగిన నీరు రక్తంలో కలియక ముందే నోరు, గొంతు మెదడుకు ‘చాలు’ అని చెబుతాయి. అమెరికా ఎడారులలో సైనికులను పరిశీలించి అడాల్ఫ్ బృందం 1947లో ప్రచురించిన గ్రంథం ఈ సంగతినే నిరూపించింది. కావలసినంత నీరు ఎదుట ఉన్నా వారు కోల్పోయినంత త్రాగలేదు. ఆ లోటు భోజనాల వేళ తీరేది. కనుక దాహం మీద కంటే మూత్రం రంగు మీద నమ్మకముంచడం మేలు. పలుచని ఎండుగడ్డి రంగు మంచిది. ముదురు రంగు వాసోప్రెస్సిన్ రాసిన ఉత్తరం. విటమిన్ మాత్రలు మింగేవారికి ఈ లెక్క తప్పవచ్చు.

గంటల తరబడి చెమటోడ్చి ఉత్త నీరే అతిగా త్రాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, తికమక కలుగుతాయి. మన ఉప్పు మజ్జిగ, అంబలి, ఇక్కడి ఉప్పు లబన్ ఈ సమయంలో మందు వంటివి. రక్తపోటు ఉన్నవారు మాత్రం ఉప్పు విషయంలో వైద్యుని మాట వినాలి. సాయంత్రం బీరుతో సేద తీరుదామనుకొనేవారికి ఒక మాట: మద్యం వాసోప్రెస్సిన్ విడుదలను అణచివేస్తుంది, మూత్రం ఎక్కువగా పోతుంది. ఒళ్ళునొప్పులకు మింగే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు ఇంకా చేటు. ఆంజియోటెన్సిన్ నాళాలను బిగించిన వేళ మూత్రపిండానికి రక్తం అందేలా చూసేవి ప్రోస్టాగ్లాండిన్లు. ఈ మాత్రలు వాటినే ఆపుతాయి.

రక్తపోటుకు వాడే ‘ప్రిల్’, ‘సార్టాన్’ మందులు, మూత్రం జారీ చేసే మాత్రలు కూడా ఈ వ్యవస్థ మీదనే పనిచేస్తాయి. వాటిని సొంతంగా మానరాదు; వాంతులు, విరేచనాలు పట్టుకున్ననాడు వైద్యుని అడగాలి. వేసవిలో పిల్లల దగ్గరకు వచ్చే తల్లిదండ్రులలో చాలామంది ఈ మందుల మీద ఉన్నవారే. వయసుతో దాహం మందగిస్తుంది, వాసోప్రెస్సిన్ మాట మూత్రపిండం అంతగా వినదు. ‘అమ్మా, దాహంగా ఉందా?’ అని అడిగితే ‘లేదు నాయనా’ అనే ఆమె జవాబు అబద్ధం కాదు. నిజంగానే ఆమెకు దాహం తెలియడం లేదు. అడగకుండానే పూటపూటకూ గ్లాసు చేతికివ్వడం అక్కడ అవసరమవుతుంది.