స్తన్యప్రవృత్తి: సుశ్రుత భవభూతుల సంవాదము

ప్రసవించిన తొలి దినములలో నూతనమాతను వేధించు శంక, తన పాలు బిడ్డకు చాలునా యనునది. మూడు నాలుగు రాత్రులకు ధమనులు వివృతములై స్తన్యము ప్రవర్తించునని సుశ్రుతసంహిత శారీరస్థానము 10వ అధ్యాయము చెప్పుచున్నది. కావున ఆ విలంబము దోషము కాదు, స్వభావము. అంతవరకు విధింపబడిన మధుఘృతములు మాత్రము నేడు గ్రాహ్యములు కావు. ఏడాది నిండని శిశువునకు తేనె ప్రమాదకరమని ఆధునిక వైద్యనిర్ణయము. పుట్టిన గంటలోపల శిశువును స్తనమునకు పట్టి, స్వల్పమైనను ముర్రుపాలనే త్రాగింపవలెను.

నిదానస్థానము 10వ అధ్యాయమున మరియొక విశేషము కలదు. శిశువును చూచినను, తాకినను, తలచినను స్తన్యము స్రవించును. అందులకు హేతువు నిరంతరస్నేహము. తెలుగున దీనినే 'చేపు' అందుము. ఉత్తరరామచరిత తృతీయాంకమున, పండ్రెండవ యేటి కుశలవులను తలచిన సీతకు స్తన్యము చేపినది. కాలమును బట్టి ఇది అతిశయోక్తి. హేతువును బట్టి శాస్త్రసమ్మతము. శిశుదర్శన రోదనశ్రవణములచే ఆక్సిటోసిన్ విడుదలయి పాలు చేపునని నేటి శరీరశాస్త్రమును చెప్పుచున్నది.

క్రోధశోకములు స్తన్యనాశకములనియు సుశ్రుతుని మతము. కనుక పాలు లేవని బాలింతను నిందించుట రోగమును పెంచుటయే. బిడ్డను ఆమె యొడిలో నుంచి ఊరడించుటయే ప్రథమచికిత్స. నాటకపాఠమున ఈ శాస్త్రస్థలములను జోడించి బోధించిన, భవభూతి హృదయము విద్యార్థులకు సుబోధమగును.