పచ్చిక, ఉద్యాన అలంకరణ చిరువ్యాపారాలకు ముద్రిత ప్రకటన ఎంపిక – పుట్టపర్తి ప్రాంతానికి అన్వయం

వ్యవసాయ, ఉద్యాన పట్టభద్రులలో కొందరు లాన్‌ల ఏర్పాటు, ఇంటితోటల నిర్వహణ వంటి సేవలను స్వయం ఉపాధిగా చేపడుతున్నారు. గడ్డి రకం, మట్టి, ఎరువుల విషయంలో వీరికి సలహాలు దొరుకుతాయి. తొలి పెట్టుబడిలో కొంత భాగాన్ని ఏ ప్రకటనపై వెచ్చించాలో చెప్పేవారు మాత్రం అరుదు. ఆ సొమ్ము వృథా అయితే రెండవ ప్రయత్నానికి చేతిలో ధనం మిగలదు. కావున పుట్టపర్తి, పెనుకొండ, ధర్మవరం, హిందూపురం పట్టణాలను దృష్టిలో ఉంచుకొని ఈ అంశాన్ని పరిశీలిద్దాం.

ప్రకటన వ్యాప్తి సేవా పరిధిని మించితే ఆ మించిన మేరకు చెల్లించిన సొమ్ము నిష్ఫలమన్నది ప్రాథమిక సూత్రం. ఒక ట్రాలీ ఆటో, ఇద్దరు కూలీలు, ఒక గడ్డి కోత యంత్రంతో పనిచేసే వ్యక్తి పదిహేను రోజులకొకసారి తిరిగి వెళ్లి నిర్వహించగల తోటలు పాతిక కిలోమీటర్లలోపు ఉండాలి. పుట్టపర్తి నుండి హిందూపురం అరవై కిలోమీటర్లకు పైబడిన దూరం. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలను ప్రారంభించిన తరువాత చిన్న వర్తకునికి కూడా దినపత్రికలో స్థానం అందుబాటులోకి వచ్చిన మాట నిజమే. అయితే జిల్లా అంతటికీ చేరే పుటలో ప్రకటన ఇచ్చిన పుట్టపర్తి యువకునికి మడకశిర నుండి వచ్చే ఫోను వల్ల ప్రయోజనం లేదు.

ఒక ఊహాలెక్క చూద్దాం. పత్రికా ప్రకటనకు రూ.6,000 వెచ్చించగా 40 ఫోన్లు వచ్చి, అందులో 30 పరిధికి వెలుపలివై, చివరకు రెండు పనులు కుదిరాయనుకుందాం. అంతే సొమ్ముతో కరపత్రాలు అచ్చువేయించి, పట్టణంలోని పత్రికా ఏజెంటు ద్వారా ఎంచుకొన్న వీధులకు వెళ్లే పత్రికల మడతల్లో పెట్టించగా 15 ఫోన్లు మాత్రమే వచ్చి మూడు పనులు కుదిరాయనుకుందాం. మొదటి పద్ధతిలో ఒక్కొక్క పనికి రూ.3,000, రెండవ దానిలో రూ.2,000 ఖర్చయింది. ఫోన్ల సంఖ్యను చూసి సంతోషించేవారు ఈ తేడాను గమనించరు. ఫోను చేసిన ప్రతివారినీ “మా సంగతి ఎక్కడ చూశారు?” అని అడిగి నోటుపుస్తకంలో రాసుకొంటే తప్ప ఈ లెక్క తేలదు.

ఇక పాఠకులెవరు? ఈ నాలుగు పట్టణాలకూ ఒకే సమాధానం లేదు. పుట్టపర్తిలో అనేక ఫ్లాట్ల యజమానులు ఇతర రాష్ట్రాలవారు, విదేశీయులు. వారు తెలుగు జిల్లా అనుబంధాన్ని చదవరు. అక్కడ అపార్టుమెంటు సంఘం నోటీసు బోర్డుపై అతికించదగిన ఆంగ్ల, తెలుగు ప్రకటన, కాపలాదారు చేతిలో ఉంచే విజిటింగ్ కార్డు ఎక్కువ పనిచేస్తాయి. కర్ణాటక సరిహద్దున ఉన్న హిందూపురంలో కన్నడంలో రెండు పంక్తులు చేర్చడం మంచిది. ధర్మవరంలో పట్టు వ్యాపారుల ఇళ్లకు కరపత్రమే తగినది. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద 2019లో కియా కర్మాగారం ప్రారంభమైన తరువాత ఆ పరిసరాల్లో పారిశ్రామిక పచ్చదనానికి అవకాశం ఏర్పడింది. కానీ కర్మాగారాలు కరపత్రం చూసి పని అప్పగించవు. చేసిన పనుల ఛాయాచిత్రాలు, ధరల పట్టికతో కూడిన నాలుగు పుటల పరిచయ పుస్తికను నేరుగా అందజేయాలి.

కాలనిర్ణయం కూడా ముఖ్యమే. గడ్డి నాటడానికి తొలకరి అనుకూలం. కనుక లాన్ ప్రకటన మే చివరి వారంలో వెలువడాలి. పుట్టపర్తిలో నవంబరు 23న జరిగే సత్యసాయి జయంతికి సందర్శకులు పెద్దసంఖ్యలో వస్తారు. వసతి గృహాలవారు ఆవరణలను ముందుగా తీర్చిదిద్దుకొంటారు గనుక, వారికి సెప్టెంబరులోనే సమాచారం చేరాలి. ఏప్రిల్‌లో ప్రకటించదగినది కొత్త లాన్ కాదు. డ్రిప్పు మరమ్మతు, మొక్కల పాదుల్లో మల్చింగు వంటి సేవలు.

ప్రకటనలోని మాటల గురించి వ్యవసాయ శాస్త్రవేత్తలు మౌనం వహించరాదని నా అభిప్రాయం. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. వేసవిలో రోజుకు 5 మి.మీ. తడి ఇవ్వవలసి వస్తే, చదరపు మీటరుకు 5 లీటర్ల చొప్పున 100 చదరపు మీటర్ల లాన్‌కు 500 లీటర్లు కావాలి. 5,000 లీటర్ల ట్యాంకరు పది రోజులకు సరిపోతుంది. కరపత్రంపై ఎక్కడిదో విదేశీ లాన్ బొమ్మ ముద్రించి, “ఏడాది పొడవునా పచ్చదనం” అని రాసి, నీటి మాట దాచిపెడితే జూన్‌లో కుదిరిన పని మరుసటి ఏప్రిల్‌లో ఎండిన గడ్డిగా అదే వీధిలో అందరికీ కనబడుతుంది. చిన్న పట్టణంలో ఆ ఎండిన చదరం ముందు ఏ కరపత్రమూ నిలవదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలను 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా నిర్వచించి నియంత్రిస్తోంది.

అందుచేత కరపత్రంలో రోజువారీ నీటి అవసరం స్పష్టంగా ముద్రించాలి. నీరు తక్కువగా ఉన్నవారికి కొరియన్ గడ్డికి బదులు గరిక జాతి గడ్డిని చిన్న చదరంలో వేసి, మిగిలిన స్థలంలో కాగితపు పూలు, గన్నేరు, కలబంద వంటి మొక్కలను డ్రిప్పుతో పెంచవచ్చునని సూచించాలి. బొమ్మ కూడా ఈ ప్రాంతంలో తాము స్వయంగా వేసిన తోటదే కావాలి, అదీ వేసవిలో తీసినదైతే మరీ మంచిది. కొత్తగా ప్రారంభించినవారికి అటువంటి తోట ఇంకా లేకపోతే బొమ్మ లేకుండానే ధర, నీటి లెక్క, ఫోను నంబరు ముద్రించుకోవచ్చు.

స్వయం ఉపాధి శిక్షణలో ఉన్న విద్యార్థులు ఒకే సమాచారంతో రెండు రంగుల కరపత్రాలు ముద్రించి, ఒక రంగును పత్రికల మడతల్లోనూ, మరొకదానిని నర్సరీలు, హార్డువేరు దుకాణాల గల్లాపెట్టె వద్దనూ ఉంచి, వచ్చిన పనులను ఆరు వారాలపాటు విడివిడిగా నమోదు చేయవచ్చు. ఇంటి నిర్మాణం ముగిసే దశలో యజమాని గేటు, పెయింటు కొరకు వెళ్లే దుకాణం ఈ పరీక్షకు అనువైన చోటు.