బడి నడిచే రోజుల్లో రా

చిరంజీవికి,

మన ఊరి బడికి తాతయ్య పేరున ఒక గది కట్టించాలని నీ కోరికట, మీ అమ్మ చెప్పింది. సంతోషం. అయితే డబ్బు పంపేముందు ఒక రోజంతా ఆ బడిలో కూర్చో.

బడికి ఏం కావాలో తేల్చాల్సింది దాత కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడికి యాజమాన్య కమిటీ ఉంటుంది. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తం మీద సగం మంది ఆడవాళ్లు. అభివృద్ధి ప్రణాళిక రాసేదీ ఆ కమిటీయే. ట్యాంకులో నీళ్లు ఏ వేళకి అయిపోతాయో ఆ తల్లులకి తెలుసు.

గోడలకి ప్రభుత్వం కొంత చేసింది. 2019లో మొదలైన ‘నాడు-నేడు’ పథకం తొలి విడతలోనే 15,715 బడులను తీసుకున్నారు. మరుగుదొడ్లు, ఫ్యాన్లు, బల్లలు ఆ పథకం పట్టికలోవే. దాత అవసరం ఆ తర్వాత మొదలవుతుంది. మోటారు కాలిపోతుంది, కుళాయి ఎండిపోతుంది, మరుగుదొడ్డికి తాళం పడుతుంది. అప్పుడు ఐదో తరగతి ఆడపిల్ల సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగకుండా బిగబట్టుకుని కూర్చుంటుంది. మోటారు రిపేరుకి శిలాఫలకం వేయరు. అయినా ముందు దానికే కొంత సొమ్ము విడిగా ఉంచు.

నీళ్ల తర్వాత చూడాల్సింది చదువు. దానికి గదికన్నా పద్ధతి ముఖ్యం.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాలవాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపారు. అన్ని తరగతుల పిల్లలూ ఒకే గదిలో. పద్మనాభరావు, రమ దంపతులు పాఠాలను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కార్డుల మీదికి తెచ్చారు. ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉంటే ఆ కార్డు తనే తీసుకుంటాడు. వెనకబడినవాడి పక్కన పంతులు కూర్చుంటాడు. ఈ పద్ధతే తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడులకూ దారి చూపింది.

ఒక్క జాగ్రత్త. నీది ఇంకా భారత పౌరసత్వమే కనుక, నీ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. నువ్వుంటున్న దేశపు పౌరసత్వం తీసుకున్న నీ స్నేహితులు ఇచ్చేది మాత్రం విదేశీ విరాళమే. వాళ్లు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉన్న సంస్థ ద్వారా ఇవ్వాలి.

సంక్రాంతికి వస్తే బడికి సెలవులు. నవంబరులో రా. ప్రార్థన వేళకే వెళ్లు. కుళాయి తిప్పి చూడు, మూడో తరగతి పిల్లలచేత ఒక పేజీ చదివించుకో, మధ్యాహ్నం వాళ్ల పంక్తిలోనే అన్నం తిను. సాయంత్రం కమిటీవాళ్ల దగ్గరికి ఇద్దరం కలిసి వెళదాం.

ఆశీస్సులతో,
పెదనాన్న