అంకె కదలనప్పుడు చెయ్యి కదపకండి

మా అన్నయ్య కొడుకు ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉండగా ఒక గురువారం రాత్రి పదకొండున్నరకు ఫోన్ చేశాడు. "బాబాయ్, అరవై నాలుగు శాతం దగ్గర ఆగిపోయింది. నలభై నిమిషాలైంది. ఆఫ్ చేసెయ్యనా?" ఉన్న ఒక్కగానొక్క ల్యాప్‌టాప్‌లో, విడుదలకు ముందు పరీక్షకిచ్చే ప్రివ్యూ సిస్టమ్ ఎక్కిస్తున్నాడు. మర్నాడు పొద్దున పదింటికి ప్రాజెక్టు వైవా. "ముట్టుకోకురా" అని నేనంటుండగానే పవర్ బటన్ నొక్కిపట్టాడు.

మళ్ళీ ఆన్ చేస్తే ఆ మెషీన్ పాత సిస్టమ్‌కు వెనక్కి రావడానికి గంటన్నర తీసుకుంది. ఫైళ్ళన్నీ దక్కాయి గాని, ఆ రాత్రి వాడి కంటిమీద కునుకు లేదు. నన్నడిగితే బటన్ జోలికి వెళ్ళకముందే, గురువారం రాత్రి ఆ పని మొదలుపెట్టడంతోనే పొరపాటు జరిగిపోయింది.

ప్రివ్యూకు ఎందుకింత ఆలస్యమో తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. విండోస్ సంగతే తీసుకుందాం. నెలనెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్ కొన్ని ఫైళ్ళను మార్చి వెళ్ళిపోతుంది. మైక్రోసాఫ్ట్ ప్రివ్యూలు పంచే ఇన్‌సైడర్ ప్రోగ్రామ్‌లో వచ్చే కొత్త బిల్డుతో, అంటే కొత్త ప్రయోగ వెర్షన్‌తో, చాలాసార్లు ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం మారుతుంది. మొదటిది గోడకు సున్నం వేయడమైతే రెండోది ఇల్లు మారడం. డౌన్‌లోడ్ అయిన మూట విప్పాలి. పాత సిస్టమ్‌ను విండోస్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి జరపాలి. డ్రైవర్లు, యాప్‌లు, సెట్టింగులు కొత్త చోటికి చేర్చాలి. అన్నీ వేలకు వేలు చిన్నచిన్న ఫైళ్ళు. పాతకాలపు హార్డ్ డిస్క్‌లో ఒక్కో ఫైలు కోసం లోపలి ముల్లు అటూ ఇటూ తిరగాలి, ఎస్‌ఎస్‌డీలో ఆ తిరుగుడు లేదు. మీ స్నేహితుడికి అరగంటలో అయిపోయిన బిల్డే మీకు రెండు గంటలు పట్టిందంటే కారణం చాలావరకు అదే. కొత్తింట్లో పాలు పొంగించాక కూడా పాత ఇంటి తాళంచెవి పది రోజులు మీ దగ్గరే ఉంటుంది. ఆ గడువులోగా వెనక్కి రావాలంటే రావచ్చు.

విండోస్ తయారుచేసినవాళ్ళు ఈ ఆలస్యాన్ని ఎలా తగ్గించారో చూడండి. అందులో మనం నేర్చుకోవాల్సింది ఉంది. 2017 ఏప్రిల్‌లో వచ్చిన విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్‌కు, కంప్యూటర్ మనకు అందకుండా పోయే సమయం సగటున 82 నిమిషాలని మైక్రోసాఫ్టే చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన దానికి 51 నిమిషాలు. 2018 ఏప్రిల్ అప్‌డేట్‌కు 30 నిమిషాలు. చేయాల్సిన పని తగ్గలేదు, అది చేసే వేళ మారింది. మన ఫైళ్ళను తరలింపుకు సిద్ధం చేయడం, కొత్త సిస్టమ్‌ను తాత్కాలికంగా ఒకచోట పేర్చుకోవడం వంటివి, మనం కంప్యూటర్ వాడుకుంటుండగానే వెనకాల నింపాదిగా జరిగిపోయేలా మార్చారు. ఆ మొదటి దశ మునుపటికన్నా ఎక్కువసేపు పడుతుంది. తెర మన చేతిలోంచి జారిపోయే దశ మాత్రం బాగా కుదించుకుపోయింది.

మీరూ అదే చెయ్యండి. ముందే అయ్యే పనులు ముందే కానిచ్చేయండి. 30 జీబీ దాకా ఖాళీ చేసుకోండి. అవసరమైన ఫైళ్ళు ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్ తీసి బీరువాలో పెట్టండి. డిస్క్‌కు ఎన్‌క్రిప్షన్ ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ప్రింటరు, పెన్‌డ్రైవ్‌లు పీకేయండి. ఛార్జర్ పెట్టండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద ఉందో లేదో చూసుకోండి. మధ్యలో కరెంటు పోయాక చేసేదేమీ ఉండదు.

వేళ కూడా మీరే ఎంచుకోండి. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పనివేళల్లో విడుదలయ్యే బిల్డు మనకు రాత్రి పది దాటాక కనిపిస్తుంది. రోజంతా పనిచేసి, కళ్ళు మూతలు పడుతున్న వేళ ఆ బటన్ ఊరిస్తుంది. నొక్కకండి. శనివారం పొద్దున కాఫీ తాగాక నొక్కండి. ఇంట్లో ఉన్నది ఒక్క కంప్యూటరే అయితే, దానిమీదే మీ ఉద్యోగమో చదువో నడుస్తుంటే, ఇంకా పచ్చిగా ఉన్న బిల్డులు వచ్చే ఛానెళ్ళ జోలికి అసలు పోవద్దు. కొత్తదనం చూడాలనిపిస్తే విడుదలకు దగ్గరగా ఉండే రిలీజ్ ప్రివ్యూ ఛానెల్ చాలు. ఈ విషయంలో నేను మొహమాటపడను. చాలామందికి చెప్పాను, ఇంకా చెబుతాను.

ఇక ఆ అంకె. అరవై నాలుగు శాతం అంటే మిగతా ముప్పై ఆరుకు ఇంత టైమని లెక్కగట్టడానికి వీల్లేదు. ఒక అంకె వెనక పది సెకన్ల పని ఉండొచ్చు, ఇంకో అంకె వెనక పావుగంట పని ఉండొచ్చు. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని టైము, శాతం రాయండి. ఊరికే చూస్తూ కూర్చుంటే పది నిమిషాలు గంటలా అనిపిస్తాయి, రాసుకుంటే పది నిమిషాలు పది నిమిషాల్లాగే ఉంటాయి. డిస్క్ లైటు మిణుకుమిణుకుమంటుంటే లోపల పని సాగుతున్నట్టే. లైటు లేని ల్యాప్‌టాప్ అయితే ఫ్యాన్ చప్పుడు వినండి. రెండు మూడు గంటలు అంకే కదలక, లైటూ వెలగక, ఫ్యానూ పలక్కపోతే, అప్పుడు పవర్ బటన్ సంగతి ఆలోచించండి.

ఆ నోట్‌బుక్‌కు ఇంకో ప్రయోజనం ఉంది. నా దృష్టిలో అదే పెద్దది: కంపెనీకి పనికొచ్చే ఫిర్యాదు రాయడం. 2018 అక్టోబరు 2న విండోస్ 10 కొత్త వెర్షన్ విడుదలైంది. కొద్ది రోజులకే ఆపేయాల్సి వచ్చింది. డాక్యుమెంట్స్ వంటి ఫోల్డర్లను వేరే డ్రైవ్‌కు మార్చుకుని, పాత చోట కూడా కొన్ని ఫైళ్ళు ఉంచుకున్నవాళ్ళలో కొందరికి ఆ పాత చోటి ఫైళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. అంతకుముందు అప్‌డేట్‌లో ఖాళీ ఫోల్డర్లు రెండేసి కనిపిస్తున్నాయన్న ఫిర్యాదుల మీద, అవి తీసేయడానికి రాసిన కోడే ఈ పని చేసింది. బాధితులు మైక్రోసాఫ్ట్ లెక్కలో ఒక శాతంలో వందో వంతు, అంటే పదివేలకు ఒకరు మాత్రమే. అయితే ఫైళ్ళు పోయాయని ప్రివ్యూ వాడినవాళ్ళలో కొందరు ముందే రాశారు! ఎక్కువమంది సమర్థించిన ఫిర్యాదులు పైకి తేలాయి, వీళ్ళవి అడుగున ఉండిపోయాయి. సమస్య ఎంత తీవ్రమైనదో రాసేవాళ్ళే గుర్తుపెట్టే వీలు, ఈ ఫిర్యాదులు రాసే ఫీడ్‌బ్యాక్ హబ్ యాప్‌లో ఆ తర్వాత వచ్చింది. నవంబరు 13న ఆ వెర్షన్ మళ్ళీ విడుదలైంది.

ఎవరి కుటుంబ ఫొటోలో, ఎవరి థీసిసో ఆ ఫోల్డర్లలో ఉండి ఉంటాయి. అందుకే "చాలా స్లో, చెత్త" అని రాసి వదిలేయకండి. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది, మీ డిస్క్ ఏమిటి, ఏ బిల్డు నుంచి ఏ బిల్డుకు వెళ్తున్నారు, ఇవి రాయండి. అలాంటి ఫిర్యాదు ఇంకెవరైనా ముందే రాసి ఉంటే వెతికి, దానికి మీ ఓటు కలపండి.

మా వాడు ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. ప్రివ్యూలు ఎక్కించడం మానలేదు, కాకపోతే దానికోసం పాత ల్యాప్‌టాప్ ఒకటి కేటాయించుకున్నాడు. పోయిన ఆదివారం వాళ్ళింటికి వెళ్తే బల్లమీద ఆ ల్యాప్‌టాప్ తన పని తాను చేసుకుంటోంది, పక్కన రూళ్ళ నోట్‌బుక్ తెరిచి ఉంది. చివరి మూడు వరుసలు ఇవి: "10:20 – 41. 10:55 – 41, లైటు వెలుగుతోంది. 11:10 – 58." వాడు వంటింట్లో వాళ్ళమ్మకు బీరకాయలు తరిగి పెడుతున్నాడు.